అవ్వ నీళ్లు కొట్టిన గూడు

మా తమ్ముడు గుడియాత్తం నుంచి ఫోన్ చేసి, "అక్కా, మెట్ల కిందుండే నీ గూడు పగలగొట్టేస్తా ఉండాము. నీ చెవిన ఒక మాట వేద్దామని చేసినా," అన్నాడు. ఇల్లు బాగు చేయిస్తున్నాడు, మెట్ల కింద స్నానాల గది వస్తుందట. చెప్పిన తీరు చూస్తే అనుమతి కోసం కాదని తెలుస్తూనే ఉంది. "నేను వచ్చేలోపల దాని మీద సుత్తి పడిందో, నీకూ నాకూ మాటల్లేవు," అని పెట్టేసి, ఆఫీసుకు సెలవు చెప్పి, వేలూరులో గుడియాత్తం బస్సెక్కాను. బస్సులో సగం మంది ఒళ్లో ఆసుపత్రి కవర్లు పెట్టుకుని ఇళ్లకు తిరిగి పోతున్నవాళ్లే. నా ఒళ్లో మాత్రం కోపం ఒక్కటే ఉంది.

గూడు అంటే పెద్ద వింతేమీ కాదు. మెట్ల కింద గోడలో ఒక ట్రంకుపెట్టె పట్టేంత చోటు, వెనకవైపు గాలి ఆడటానికి సిమెంటు జాలీ, పైన చిన్న సజ్జ. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని దేవుడి గూడు అనుకుని చెప్పులు విడిచేవాళ్లు. కాని అందులో కాపురం ఉండింది దేవుళ్లు కాదు. దేశం నలుమూలలా ఉన్న కొందరు అపరిచితులు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

మాది మేస్త్రీల ఇల్లు. నాయన ఇళ్లు కట్టేవాడు, ఆయన తండ్రి కూడా కట్టాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, బడిలో అరవం. మాట్లాడటమే కాని తెలుగు అక్షరం ముక్క ఇంటిల్లిపాదికీ రాదు. మా ఇంటి వాసన అడిగితే ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను: తడిసిన గోనెపట్టలు, పొడి సిమెంటు, అమ్మ పొయ్యి మీద ఉడికే రాగి సంగటి, నాయన చొక్కాలో ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సున్నం. ఆయన పొద్దున్నే టీ తాగుతూ గోడకు ఆనించిన రసమట్టాన్ని ఊరికే ఒకసారి చేతిలోకి తీసుకుని, దాని బుడగ నడిమికి వచ్చిందా అని చూసి పెట్టేవాడు. అది ఆయనకు దండం పెట్టుకోవడంతో సమానం అనుకుంటాను.

నాయన వాళ్లమ్మను మేము అవ్వ అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు తలమీద గచ్చు తట్టలు మోసింది. ముసలితనంలో ఆమె చేతిలో మిగిలిన పని ఒక్కటే, కొత్త గోడలకు నీళ్లు కొట్టడం. సిమెంటు పూత పూసిన తర్వాత పొద్దునా సాయంత్రం తడపకపోతే బీటలు తీస్తుంది. అందుకని నాయన ఎక్కడ పని ఒప్పుకున్నా అవ్వ ఇత్తడి చెంబు తీసుకుని వెంట పోయేది. ఆలంగాయం వైపు పని జరిగితే అక్కడే సిమెంటు మూటల పక్కన పడుకునేది. "చంటిబిడ్డప్పా అది, గొంతు ఎండనీయగూడదు," అని కూలీలను తరుముతూ ఉండేది. పెళ్లికి పోయినా ముందు ఆ ఇంటి గోడ మీద అరచెయ్యి రాసి చూసేది. "నీళ్లు చాల్లేదు దీనికి," అని అందరికీ వినబడేట్టు అనేది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది.

నేను వేలూరులో కాలేజీకి పోతున్న రోజుల్లో ఇంటికి కంప్యూటరు వచ్చింది. అమ్మ దానికి పూలు కుట్టిన గుడ్డ కప్పింది. తమ్ముడికి క్రికెట్ ఆట కావాలి, నాకు కార్ల పందెం కావాలి, ఇద్దరం జుట్లు పట్టుకునేవాళ్లం. పందెం ఆట ఒకచోట పదేపదే ఆగిపోతుంటే ఎందుకో తెలుసుకుందామని నెట్‌లో వెతికాను. అట్లా వెతుకుతూ ఒక చర్చావేదికలోకి పోయి పడ్డాను. ఆటల గురించి మొదలయ్యే ప్రతి మాటా అక్కడ చివరికి కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టముల మీద తగువుగా తేలేది. పేరు పెట్టుకొమ్మంటే ఇంటి పనే గుర్తొచ్చి 'కొత్తనార్' అని పెట్టుకున్నాను. అరవంలో తాపీమేస్త్రీని అట్లా అంటారు. దాంతో అందరూ నన్ను మగవాడే అనుకున్నారు. నేనూ కాదనలేదు, హాయిగా ఉండింది.

అక్కడ నా ప్రాణానికి తగిలినవాడు 'ఓల్డ్ బస్' అని పేరు పెట్టుకున్న ఒకాయన. సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో విప్పి చూసే హక్కు వాడేవాళ్లకు ఉండాలనీ, అందరూ ఓపెన్ సోర్స్ వాడాలనీ ఆయన వాదన. "విప్పి చూసే తీరిక నీకుంది, నాకు కారు నడపాలి. నీ సిస్టములో నా కారు మొదటి మలుపు కూడా తిరగలేదు," అని నేను. "తిరగనిది ఆ కంపెనీ వాళ్ల ఆట, నా సిస్టము కాదు. ఆటను విప్పి చూపించమనండి, మేమే తిప్పుతాం," అని ఆయన. ఇదంతా ఇంగ్లీషులోనే. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఆయనతో పోట్లాడి వచ్చినవే. నేను ఎంత రెచ్చిపోయినా ఆయన నింపాదిగా పేజీడు జవాబు రాసి, కింద 'మర్యాదతో' అని పెట్టేవాడు. ఆ ఒక్క ముక్క చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నేను కీబోర్డు మీద దబదబా కొడుతుంటే అవ్వ వచ్చి నిలబడేది.

"ఎవురితో మే అంత కొట్లాట?"

"ఎవురో తెలీదవ్వా."

"తెలీనోళ్లతో కొట్లాడేదానికా ఇంత కరెంటు? మన వీధిలో మనుషులు తక్కువైపోయినారా నీకు?"

ఓల్డ్ బస్ ఇంకో పాట కూడా పాడేవాడు. మన మాటలన్నీ ఒక కంపెనీ ఊరికే ఇచ్చిన చోట్లో ఉన్నాయి, వాళ్లు తలుపేసుకుంటే మనం వీధిన పడతాం, అందుకని మన సర్వరు మన ఇంట్లోనే పెట్టుకోవాలి అని. నేను ఎగతాళి చేశాను. "మీకు నిద్రలో కూడా భయాలే," అని రాశాను. ఆ తర్వాత ఎన్నాళ్లో కాలేదు, ఆ కంపెనీ వాళ్లు ఈ సేవ ఆపేస్తున్నామని నోటీసు పెట్టారు. ఓల్డ్ బస్ 'చెప్పానా' అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

నేనైతే ఆ నోటీసును నాలుగుసార్లు చదివాను. కాలేజీలో నేను వెనక బెంచీలో కూర్చునే మేస్త్రీ కూతురిని, నోరు తెరిస్తే ఇంగ్లీషు తప్పుపోతుందని తెరవని పిల్లను. ఇంట్లో చిన్నదాన్ని. నేను ఒక మాటంటే దానికి పేజీడు జవాబు రాసేవాళ్లు, మర్నాడు 'కొత్తనార్ ఎక్కడ' అని అడిగేవాళ్లు ఈ ప్రపంచంలో ఆ ఒక్కచోటే ఉన్నారు. ఆ చోటు పోతే నేను మళ్లీ ఎవరికీ కానిదాన్నవుతాను. ఇది అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

సర్వరు ఎవరు పెడతారన్న ప్రశ్న వచ్చింది. ఒకడిది హాస్టలు, ఒకడిది అద్దె గది. ఓల్డ్ బస్ ఊరికి కరెంటు చుట్టపుచూపుగా వస్తుందట. నేను ముందూ వెనకా చూడకుండా, "మా ఇంట్లో పెడతాను, మాకు ఇన్వర్టరు ఉంది, మా నాయన ఇళ్లు కడతాడు," అని రాసేశాను. నాయన ఇళ్లు కట్టడానికీ దీనికీ ఏం సంబంధమో నాకే తెలియదు. తమ్ముడి స్నేహితుడు అటకెక్కించిన పాత మిషన్ ఒకటి తెచ్చుకుని, ఓల్డ్ బస్ మెట్టుమెట్టుగా రాసి పంపుతుంటే, ఇన్నాళ్లూ తిట్టిపోసిన ఆ ఓపెన్ సోర్స్ సిస్టమునే నా చేత్తో ఎక్కించుకున్నాను. అందరి మాటలూ, అన్ని తగువులూ, కలిసి ఆడుకున్న పందేల లెక్కలూ మూటగట్టి అందులోకి దించాం.

మిషన్ పెట్టడానికి ఇంట్లో చోటు లేదు. హాల్లో పెడితే తమ్ముడు మిక్సీ కోసం ప్లగ్గు పీకేవాడు, వంటింటి దగ్గర పెడితే అమ్మ దుబారా అని ఆపేసేది. నాయన భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను.

"నాయనా, ఒక కంప్యూటరు ఆపకుండా నడవాల. యాడ పెట్టేది?"

"ఏముండాది దాంట్లో?"

"కొంతమంది మాట్లాడుకున్న మాటలు."

"ఎవురమ్మా వాళ్లు?"

"నాకూ సరిగ్గా తెలీదు నాయనా."

నాయన సంగటి ముద్ద సగంలో ఆపి నన్ను చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. "నేను కట్టిన ఇండ్లల్లో ఇప్పుడు ఎవురుండారో నాకు మట్టుకు తెలుసునా? కొలతలు చెప్పు," అన్నాడు.

ఆదివారం పని లేని రోజున ఆయనే ఇటుక పేర్చి, జాలీ బిగించి, సజ్జ తీసి, లోపలా బయటా నున్నగా పూత పూశాడు. చేతులు కడుక్కుంటూ, "వారం తడవాల. అంతదాకా డబ్బా పెట్టొద్దు," అన్నాడు. సరేనన్నాను. కాని అవతల పాత వేదిక మూసేశారు, అందరూ బయట ఎండలో నిలబడ్డట్టే ఉంది నాకు. నాలుగు రోజులు కూడా ఆగలేకపోయాను. చెయ్యి పెట్టి చూస్తే పైపైన ఆరినట్టే తోచింది. మిషన్ లోపల పెట్టి, దుమ్ము పడకుండా పాత చీర ముక్క అడ్డం కట్టి, ఆన్ చేశాను. సాయంత్రానికి ఓల్డ్ బస్ మొదటి మాట పెట్టాడు: "ఇల్లు బాగుంది. ధన్యవాదాలు. మర్యాదతో." ఆ రోజు మొదటిసారి ఆ ముక్కకు నాకు కోపం రాలేదు.

మర్నాడు తెల్లవారి అవ్వ లేచింది. కొత్త పూత ఎక్కడుంటే అక్కడికి ఆమె కాళ్లు వాటంతట అవే పోతాయి. చీర ముక్క సందులోంచి పూత తెల్లబారి కనిపించింది. పూత తెల్లబడిందంటే దాహంతో ఉందని అర్థం. ఒక చేత్తో గుడ్డ పక్కకు లాగి, లోపలేముందో చూడకుండానే, ఇంకో చేత్తో చెంబెడు నీళ్లు విసిరి కొట్టింది. టప్పుమని శబ్దం, ఫ్యూజు పోయింది. అవ్వకు షాకు కొట్టలేదు, అదే పదివేలు.

"అవ్వా! ఏం చేస్తివి!" అని అరిచాను.

"ఏం చేసినా? నీళ్లు కొట్టినా. పూత ఎట్ల ఎండిపోయుండాదో చూడు! మీ నాయన నేర్చిన పనేనా ఇది?"

"లోపల కంప్యూటరు ఉండాది అవ్వా! శానామంది ఉండారు దాంట్లో!" ఏడుస్తూ ఏదో వాగాను.

అవ్వ చెంబు కింద పెట్టి, గూట్లోకి వంగి చూసి, "అయ్యో సామీ, తడిసిపోయినారా?" అంది. నిజంగానే అడిగింది. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. నాకు మాత్రం ఆ మాటతో ఇంకా ఏడుపొచ్చింది.

బజారులో బ్రౌజింగ్ సెంటరుకు పరుగెత్తి ఓల్డ్ బస్‌కు మెయిలు రాశాను. వెంటనే ఫోన్ నంబరు పంపి, మిషన్ ముట్టుకోకుండా ఇంటి నుంచి ఫోన్ చెయ్యమన్నాడు. చేశాను. అవతల ఒక పెద్దాయన గొంతు, "కొత్తనార్?" అంది. "యెస్ సర్," అన్నాను. ఆడపిల్ల గొంతు విని ఆయన మళ్లీ ఒకసారి "కొత్తనార్?" అని అడిగాడు. ఆ సందులోనే అవ్వ నా భుజం మీదికి వచ్చి, "ఏమంటాడు మే? బతుకుతారంటనా వాళ్లు?" అని గట్టిగా అడిగింది.

"అమ్మా," అన్నాడాయన, "మీరు తెలుగువాళ్లా?"

ఎన్నాళ్లుగానో ఇంగ్లీషులో కత్తులు దూసుకున్న ఇద్దరం, ఇద్దరి ఇంట్లోనూ తెలుగే అని అప్పుడు తెలిసింది. ఆయనది హిందూపురం వైపు, బస్సు డిపోలో గుమాస్తా. అందుకే ఆ పేరు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన ఏ మాత్రం తొందరపడకుండా చెప్పాడు: ప్లగ్గు పీకండి, డిస్కు ఊడదీయండి, గుడ్డతో అద్దండి, ఎండలో పెట్టకండి, ఫ్యాను కింద పెట్టండి, బాగా ఆరేదాకా కరెంటు ఇవ్వకండి. "ఎన్నాళ్లు సార్?" అంటే, "కొత్తనార్ గారూ, ఆగడం గురించి మేస్త్రీ ఇంటివాళ్లకు నేను చెప్పాలా?" అన్నాడు. చురుక్కుమంది, కాని తప్పు పట్టడానికి లేదు.

డిస్కును తాంబాళంలో గుడ్డ పరిచి ఫ్యాను కింద పెట్టాం. దానికి అవ్వే కాపలా. తమ్ముడు పక్కనుంచి నడిచినా "దూరంగా పోప్పా," అని కసిరేది. పొద్దునా సాయంత్రం గూటికి పోయి చెంబులు చెంబులు నీళ్లు కొట్టేది, వచ్చి తాంబాళం పక్కన కూర్చునేది. "దానికి తడి కావాల, దీనికి ఆరాల. రెండూ నా నెత్తినే పెట్టినాడు దేవుడు," అనేది. నాయన చెప్పిన వారం అయిపోయినా ఆమె నీళ్లు ఆపలేదు. "ముందు ఇల్లు గట్టిపడనీ, తర్వాత మనుషుల్ని పెట్టు," అంది. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. అందరి మాటలూ, ఎక్కడా ఇంకో నకలు లేకుండా, ఆ తాంబాళంలో ఉన్నాయి. పోతే వాళ్లను మళ్లీ ఎక్కడ వెతకను? ఒక్కరి అసలు పేరైనా తెలియదే!

చివరికి డిస్కును తమ్ముడి కంప్యూటరుకు తగిలించాను. ఇంట్లో అందరూ చుట్టూ నిలబడ్డారు. సన్నగా గిర్రుమని తిరిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కొక్క వరుసా తెరమీదికి వచ్చింది. మొదట కనిపించింది ఓల్డ్ బస్‌తో నేను కార్ల పందెం మీద పడ్డ తగువే. గట్టిగా అరిచాను. అవ్వ అమ్మ చెయ్యి పట్టుకుని, "బతికినారు," అంది. పని నుంచి వచ్చిన నాయన చెప్పులు విడవకుండానే "బతికిందా?" అని అడిగి, తలూపి, స్నానానికి పోయాడు.

వేదిక మళ్లీ తెరిచాక జరిగిందంతా దాచకుండా రాశాను, నేను ఆడపిల్లనన్నది కూడా. కొందరి వరస మారింది. నాతో పోట్లాడటం మానేసి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు, అదింకా ఒళ్లు మండే పని. ఓల్డ్ బస్ మాత్రం మర్నాడే నా పాత వాదన ఒకటి బయటికి తీసి ముక్కలు ముక్కలు చేశాడు. అంత మర్యాద నాకు జన్మలో ఎవరూ చెయ్యలేదు. అప్పటినుంచి ఎవరు వచ్చినా ముందు 'అవ్వ బాగుందా' అని అడిగి తర్వాత తగువు మొదలుపెట్టేవాళ్లు.

ఆయన డిపో పని అయ్యాక ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముకు తెలుగులో మెనూలు రాసేవాడు. పరీక్షించి పెట్టమని నాకు పంపాడు. నాకు తెలుగు చదవడం రాదన్నాను. అయ్యో అనలేదు. "మరీ మంచిది. ఏ బటన్ ఏం చేస్తుందో మీకు తెలుసు కదా, అక్షరాలు వాటంతట అవే వస్తాయి," అన్నాడు. వచ్చాయి. తెలుగు బడి పిల్లలకు పలకా బలపం మీద వచ్చే తెలుగు నాకు కంప్యూటరు మెనూల మీద వచ్చింది. తెరువు, మూయి, వెతుకు అని కూడబలుక్కుంటుంటే అవ్వ వినేది. ఒకరోజు 'భద్రపరచు' అని చదివాను.

"అంటే ఏంది?"

"దాచిపెట్టేది అవ్వా."

"దాచు అంటే సరిపోదా? అంత పొడుగు మాట ఎవురికోసం?"

అదే వేదికలో పెట్టాను. భద్రపరచు వైపు ఓల్డ్ బస్, దాచు వైపు అవ్వ. రోజులకొద్దీ సాగింది. ఆయన అన్ని వాదనలూ చేశాడు. అవ్వ చెప్పిన జవాబులు నేను రాశాను. చివరికి ఆయన మెనూలో 'దాచు' అనే మార్చి, "అవ్వగారికి, మర్యాదతో," అని పెట్టాడు. నాకు తెలిసి ఆయన ఓడిపోయిన తగువు అదొక్కటే. ఈ పేజీ నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ మనిషి చలవే. ఈ మాట ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా తీసుకోడు.

ఇప్పుడు అందరి మాటలూ ఎవరివో ఎక్కడివో తెలియని చోట్ల ఉంటాయి. పొద్దున రాసిన మాట సాయంత్రానికి మనకే దొరకదు. ఎదుటివాడు ఎవరో తెలియకపోవడం అప్పుడూ ఉంది. కాని అప్పుడు తెలియనివాడికి కూడా చోటు చూపించేవాళ్లం, కొలతలు అడిగేవాళ్లం. అంతా బంగారమని చెప్పను. ఆ మిషన్ రొదకు మెట్ల కింద ఎవరూ నిద్రపోలేకపోయేవాళ్లు. నా పెళ్లై వేలూరు వచ్చినప్పుడు వేదిక కూడా నాతోనే వచ్చింది. ఇప్పుడది అరచేతిలో పట్టే డబ్బాలో నడుస్తోంది. మనుషులు తగ్గారు, ఉన్నవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. అవ్వ పోయి చాలాకాలమైంది, ఆమె వెనకే కొన్నేళ్లకు నాయన.

ఇంటికి చేరేసరికి నేననుకున్నంతా అయింది. మా తమ్ముడు ఆగలేదు, సుత్తి పడనే పడింది. కాని గూడు అట్లానే ఉంది. అంచున చిన్న పెచ్చు మాత్రం ఊడింది. మేస్త్రీ చెమటలు కక్కుతూ ఉలి పక్కన పెట్టి, "ఎవురమ్మా దీన్ని పూసింది? గోడైనా పడిపోతుంది గానీ ఇది కదలదు," అన్నాడు.

"పూసింది మా నాయన. నీళ్లు కొట్టింది మా అవ్వ."

తమ్ముడు తలొంచుకుని నవ్వాడు. వాడికీ తాంబాళం గుర్తొచ్చినట్టుంది. "పోనీలే అక్కా, స్నానాల గది అవతలపక్క పెట్టుకుంటాము. నీ డబ్బా తెచ్చి మళ్లా ఇందులోనే పెట్టుకో," అన్నాడు. బస్సులో వచ్చిన కోపమంతా ఎటు పోయిందో తెలియదు, వాడి వీపు మీద ఒకటిచ్చి దగ్గరికి తీసుకున్నాను.

మేస్త్రీ చేత ఊడిన అంచుకు పూత వేయించాను. వేదికలో రాశాను: "పాత ఇంటికి తిరిగి పోతున్నాం. పూత పచ్చిగా ఉంది, వారం ఆగాలి. ఈసారి ఆగుతాను." ఓల్డ్ బస్‌కు ఇప్పుడు చూపు తగ్గింది, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతాడు. జవాబుకు చాలాసేపు పట్టింది. "అవ్వగారు లేరు కదా, నీళ్లు ఎవరు కొడతారు? మర్యాదతో."

సెలవు పొడిగించి ఆ వారం గుడియాత్తంలోనే ఉండిపోయాను. మర్నాడు పొద్దున్నే లేచి, అమ్మను అడిగి అటక మీది ఇత్తడి చెంబు దింపించుకుని, నీళ్లు నింపాను. గూడు దగ్గర నిలబడి, లోపల ఎవరూ లేరని ఒకసారి చేత్తో తడిమి చూసుకుని, విసిరి కొట్టాను.